గుట్టకింది సన్నాల తవుడు కోసం

ఎండాకాలంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చూడటానికి ఎవరూ పోరు. నేనూ చూడటానికి పోలేదు, తవుడు కోసం పోయాను. ఈ మాట చెప్తే హైదరాబాదులో మా ఇన్‌స్టిట్యూట్ అకౌంట్స్ వాళ్లు నవ్వారు. బస్సులో పక్కన కూర్చున్నావిడ నవ్వింది. చివరికి రైస్ మిల్లు నడిపే నా తమ్ముడు కూడా నవ్వాడు. మొదటి రెండు నవ్వులకు నాకు పోయిందేమీ లేదు. మూడో నవ్వు నా కొంప ముంచింది.

నేను స్ట్రక్చరల్ బయాలజిస్టుని. ప్రోటీన్ అణువు ఎలా ముడుచుకుని ఉంటుందో, ఏ మూల ఏ పని చేస్తుందో చూడటం మా పని. అది మైక్రోస్కోపుకు అందేంత పెద్దది కాదు. కాబట్టి దాన్ని శుద్ధి చేసి, స్ఫటికాలు కట్టేదాకా కాచుకుని కూర్చుని, వాటి మీదికి ఎక్స్ కిరణాలు వదిలి, పడ్డ చుక్కల్ని బట్టి రూపం లెక్కగట్టాలి. స్ఫటికం కట్టకపోతే లెక్కా లేదు, రూపమూ లేదు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ కట్టని స్ఫటికాల ముందే గడిచింది.

నేను పట్టుకున్న ప్రోటీన్ తవుడులో ఉండే ఎంజైమ్. వడ్లు ఉడకబెట్టకుండా పచ్చివి మర పట్టగానే అది తవుడులోని నూనె మీద పడుతుంది, ఒక్క పూటలోనే తవుడు చేదెక్కడం మొదలవుతుంది. మిర్యాలగూడలో మా నాన్నకు చిన్న మిల్లు ఉండేది. సాయంత్రానికల్లా తవుడు నూనె మిల్లుకు చేరకపోతే రేటు పడిపోయేదని ఇంట్లో రోజూ గొడవే. ఎందుకు చేదెక్కుతుందని అడిగితే, "దాని గుణమే గంత" అనేవాడు. ఆ గుణం ఏమిటో చూద్దామని బయల్దేరి జుట్టు తెల్లబడేదాకా అక్కడే ఉండిపోయాను. కాన్సర్ మీద, వైరస్‌ల మీద పనిచేసినవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి. నాకు 'తవుడు మేడమ్' అనే పేరొచ్చింది. మామూలు బియ్యపు ఎంజైమ్ రూపం మేం తేల్చే లోపే విదేశాల్లో ఎవరో ప్రకటించేశారు. మాది రెండోది అయ్యింది. మా రంగంలో రెండోదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అయినా ఒక్క ఆశ మిగిలింది. కోదాడలో విత్తనాల దుకాణం నడిపే సత్యనారాయణ గారు, పేపర్లో నేను రాసిన వ్యాసం చదివి, ఒక పాత రకం బియ్యపు తవుడు గుప్పెడు కొరియర్‌లో పంపారు. గుట్టకింది సన్నాలంటారట. వారాలు గడిచినా ఆ తవుడు చేదెక్కలేదు. అందులోనూ ఎంజైమ్ ఉంది, కానీ అది పని మానేసి కూర్చుంది. దాన్నుంచి సూదుల్లాంటి స్ఫటికాలు కూడా కట్టాయి. ఎక్స్ రే దాకా పోకముందే విరిగిపోయాయి. ఇంకాస్త తవుడు ఉంటే మంచివి కట్టేవి. జూన్‌లో నాకు ఎక్స్ రే యంత్రం మీద చివరి వంతు ఉంది. జూన్ ఆఖరున నా రిటైర్మెంట్. ఆ తర్వాత నా గదిలో కంప్యూటర్లు పెడతామని డైరెక్టరు అప్పటికే కొలతలు తీయించాడు.

అందుకే మే నెల ఎండలో ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

సూర్యాపేట

బస్టాండులో దిగగానే ముంజలు అమ్మే ఆవిడ నా పెట్టె వైపు చూసి, "ఏం చేపలమ్మా అవి?" అంది. చేపలు కావన్నాను. "మరి ఐసెందుకు?" అంది. లోపల పెట్టాల్సింది ఇంకా దొరకలేదు, దానికోసమే పోతున్నాను అంటే నా మొహం ఒకసారి చూసి ఒక ముంజె ఊరికే ఇచ్చింది. ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటుంది. హైదరాబాదులో ముంజలు ముదిరాకే వస్తాయి. ఇది వేలు పెడితే నీళ్లు చిమ్మేంత లేతది. ప్రయాణం మొత్తానికి నాకు పేచీ లేకుండా దొరికింది ఆ ముంజె ఒక్కటే.

నేను డిగ్రీ చదివింది ఈ ఊళ్లోనే. నాతో చదివిన జనార్దన్‌కు ఇప్పుడు పెద్ద జూనియర్ కాలేజీ ఉంది. నేను వస్తున్నానని తెలిసి, ఒక గంట పిల్లలతో మాట్లాడాలని పట్టుబట్టాడు. గేటు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో నా ఫోటో కంటే అతని ఫోటో పెద్దది. శాలువా కప్పారు. ఆ ఉక్కపోతలో శాలువా కప్పడమంటే సన్మానం కాదు, శిక్ష. తీసేస్తే బాగుండదని గంటసేపూ కప్పుకునే ఉన్నాను.

పిల్లలందరూ డాక్టరు సీటు కోసం నీట్ పరీక్షకు చదివేవాళ్లే. నా పని గురించి చెప్తుంటే మర్యాదగా విన్నారు. ఒకడు లేచి, ఇది సిలబస్‌లో ఉందా మేడమ్ అన్నాడు. లేదన్నాను. పెన్నులన్నీ కింద పెట్టేశారు.

వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం అడిగింది. "మేడమ్, ఇప్పుడు ప్రోటీన్ రూపం కంప్యూటరే చెప్తది కదా. మళ్ల మీరు స్ఫటికాలు ఎందుకు కట్టుడు?"

మా డైరెక్టరు అడిగే ప్రశ్న కూడా ఇదే, కాకపోతే ఆయన జవాబు వినడు. ఈ పిల్ల వింటానన్నట్టు కూర్చుంది. ఆమెకు చెప్పాను. మామూలు బియ్యపు ఎంజైముకూ, గుట్టకింది సన్నాల ఎంజైముకూ తేడా రెండు చోట్లే. కంప్యూటర్‌ను అడిగితే రెండింటికీ ఒకే బొమ్మ గీసి ఇస్తుంది. ఒకే బొమ్మ అయితే ఒకటి తవుడును పాడుచేస్తూ రెండోది ఎందుకు ఊరుకుంది? ఆ ఊరుకోవడం ఎక్కడుందో స్ఫటికంలోనే చూడాలి.

"మరి జన్యువు తీసి బ్యాక్టీరియాల పెడితే?" అంది.

రెండేళ్లు పెట్టి చూశాం, బ్యాక్టీరియాలో అది సరిగా మడత పడలేదు, అందుకే తవుడు కోసం వచ్చానని చెప్పాను. ఆ పిల్ల ఇంకేదో అడగబోయింది. అంతలో బెల్లు కొట్టారు. వీక్లీ టెస్టుకు టైమయిందని జనార్దన్ మైకు అందుకున్నాడు. అమ్మాయి పేరైనా అడగలేకపోయాను.

భోజనం దగ్గర జనార్దన్ అన్నాడు. "సుభద్రా, నువ్వు అప్పుడే మెడిసిన్ రాసుంటే ఇయ్యాల గీ మెయిన్ రోడ్డు మీద నీకు నాలుగంతస్తుల దవాఖాన ఉండేది. నీ తెలివికి గీ తౌడు ఏంది చెప్పు."

వడ్డించిన మామిడికాయ పప్పు మాత్రం చాలా బాగుంది. దాని మీద దృష్టి పెట్టి తిన్నాను.

కోదాడ

సూర్యాపేట నుంచి కోదాడకు గంట ప్రయాణం. ఈ గంటలో మాట మెల్లగా మారిపోతుంది. సూర్యాపేటలో 'ఏం గావాలె' అన్న హోటలు, కోదాడలో 'ఏం కావాలండీ' అంటుంది. ఇడ్లీలోకి అల్లం పచ్చడి వేరే గిన్నెలో వస్తుంది. పల్లీ చట్నీ ఒక్కటే చాలనుకునే నా బోటి వాళ్లకు ఆ రెండో గిన్నె భోగమే.

లాడ్జిలో ఐసు కరగడం మొదలైంది. కిందికి వెళ్లి ఫ్రిజ్‌లో కాస్త చోటివ్వమంటే, మేనేజరు పెట్టె మూత తీసి లోపల వాసన చూశాడు. "చికెన్ గట్రా పెట్టొద్దండి, పాల ప్యాకెట్లుంటాయి" అన్నాడు. ఉత్త ఐసే అన్నా నమ్మలేదు. ఐసు కోసం అంత జాగ్రత్తపడే మనిషిని ఎందుకు నమ్మాలి అన్నట్టు చూశాడు. చివరికి సోడాల దుకాణంలో కొత్త ఐసు కొనుక్కున్నాను.

సత్యనారాయణ గారి విత్తనాల దుకాణం గాంధీ బొమ్మకు కాస్త అవతల. గోడల నిండా కంపెనీ విత్తనాల పోస్టర్లే. సన్నటి మనిషి, చేతి వేళ్ల మీద విత్తనాలకు పట్టించే మందు రంగు మిగిలిపోయి ఉంది.

"నేనూ అమ్మేది కంపెనీ విత్తనాలేనండి, అబద్ధం ఎందుకు," అన్నాడు. "గుట్టకింది సన్నాలు దిగుబడి రావు, గాలికి పడిపోతాయి. అందరూ మానేశారు. నేరేడుచర్ల దగ్గర సైదమ్మని ఒకావిడ మాత్రం కొంచెం నేలలో వేస్తుందండి, వానాకాలం పంటే. ఆమె దగ్గర కూడా ఇప్పుడు ఒక్క బస్తా ఉంటుందేమో. అది దాటితే మళ్లీ దసరా తర్వాతే."

దసరా నాటికి నాకు ల్యాబు ఉండదని చెప్పాను. ఆయన అప్పటికప్పుడే సైదమ్మకు ఫోన్ చేసి, "పెద్ద మేడమ్ వస్తున్నారు, వడ్లు ఎవరికీ ఇవ్వకు" అని నా ముందే చెప్పాడు. పెద్ద మేడమ్ అనిపించుకోవడం నాకు బాగానే అనిపించింది, దాచడం ఎందుకు.

నేరేడుచర్ల దగ్గర

షేర్ ఆటోలో నా పెట్టెకు కూడా కిరాయి తీసుకున్నారు. కాలువ కింద పొలాలన్నీ కోతలైపోయి ఎండిన కొయ్యకాళ్లే. వడ్ల లారీలు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తున్నాయి.

సైదమ్మకు నా ఈడే ఉంటుంది. దర్గాలోని సైదులుకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారట. ఈ ప్రాంతంలో హిందువుల ఇళ్లల్లో సైదులు, సైదమ్మ లేని ఊరు ఉండదు. నన్ను చూడగానే మంచినీళ్లిచ్చి, పెట్టె చూసి, "బర్రెకు సూదులా?" అంది. పశువుల డాక్టరు అనుకుంది. కాదు, నాకు మీ వడ్ల తవుడు కావాలి అన్నాను.

ఆమె నవ్వలేదు. ఈ ప్రయాణంలో తవుడు అన్నప్పుడు నవ్వని పెద్దమనిషి, సత్యనారాయణ గారు కాక, ఆమె ఒక్కతే.

"మంచి తౌడే," అంది. "వేరే తౌడైతే రెండొద్దులకు బర్రె మొకం తిప్పుతది. ఇది ఎన్ని రోజులున్నా తింటది. గందుకే ఏస్త. నా కొడుకు వద్దంటడు, వానికేం తెలుసు."

ఇంట్లో ఒక బస్తా ఉంది. అది దర్గా దగ్గర కందూరు చేయడానికి పెట్టుకున్నదట. మొక్కు తీరినవాళ్లు అక్కడ వండి పదిమందికి పెట్టే విందు అది, దానికి ఈ బియ్యమే వండడం వాళ్లింటి ఆనవాయితీ. ఇక ఎలా అడగాలో తెలియక, నా పని ఏమిటో, జూన్ ఆఖరున ఏమవుతుందో మొత్తం చెప్పాను. నా తోటి శాస్త్రవేత్తలకు కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

"ఇగ నీకు గీ ఒక్కసారే ఉన్నదన్నట్టు," అంది.

"ఒక్కసారే."

"తీస్కపో. కందూరుకు వేరే బియ్యం వండుకుంటం, సైదులు ఏమనడు. ఇత్తనాలైతే కుండల యేరే ఉన్నయ్, అవి ఇయ్య."

మార్కెట్ రేటు అడిగింది, ఇచ్చాను. బస్తా ఆటోలోకి తనే ఎత్తించి, "తడవనియ్యకు" అని చెప్పింది.

మిర్యాలగూడ

మిర్యాలగూడలో దిగితే ముందు తగిలేది ఉడికిన వడ్ల వాసన. ఊరు చుట్టూ మిల్లులే. ఎక్కువ మిల్లుల్లో వడ్లు నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి పడతారు. అలా చేస్తే గింజ విరగదు. నాకు పనికిరానిది అదే. ఉడికితే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్టే, అది మళ్లీ లేవదు.

మా నాన్న మిల్లు ఎప్పుడో పోయింది. మా చిన్నాన్న కొడుకు నాగేందర్‌ది మాత్రం పెద్ద మిల్లు. దాని పక్కనే పచ్చి వడ్లు పట్టే చిన్న మర కూడా ఉంది. అందుకే అతని దగ్గరికి వచ్చాను. సాయంత్రం టీ తాగుతూ స్పష్టంగా చెప్పాను. "పొద్దున నా ముందే ఈ బస్తా పచ్చివే పట్టాలి. నాకు తవుడు చాలు, బియ్యం మీరు ఉంచుకోండి."

నాగేందర్ పెద్దగా నవ్వాడు. "అక్కా, గింత దూరం తౌడు కోసం వస్తవా? సరే తియ్. బస్తా మిల్లుల పెట్టిస్త, ఇంట్ల ఎలుకలున్నయ్."

వాడి భార్య మంజుల కూడా నవ్వి, "వదిన అడిగినంక లేకుంటే ఎట్ల" అంది. తమాషా అనుకున్నాను. ముక్కలపులుసు, గోంగూర పచ్చడి వేసుకుని తిని హాయిగా పడుకున్నాను.

పొద్దున మిల్లుకు వెళ్లేసరికి గుమాస్తా ఎదురొచ్చి, "మీ వడ్లు డ్రయ్యర్ల ఉన్నయమ్మా, అర్ధగంటల అయిపోతది" అన్నాడు. ఎందుకు డ్రయ్యర్‌లో అన్నాను. అడుగుతూనే నాకు అర్థమైంది. దగ్గరికి పోతే గింజలు పసుపుకు తిరిగి ఉన్నాయి. చేత్తో తీస్తే వెచ్చగా, అద్దంలా నున్నగా ఉన్నాయి. రాత్రి నానబెట్టి, తెల్లారగట్ల ఆవిరి పట్టించారు. మొత్తం బస్తా.

నాగేందర్ సంతోషంగా వచ్చాడు. "ఎండకు ఎండిన పాత వడ్లక్కా. పచ్చివి పడితే సగం నూకైతది. నా చేతులతోని నీకు నూక ఇయ్యాల్నా? బాయిలర్ కాడ నేనే నిలబడి ఉడకబెట్టిచ్చిన. ఒక్క గింజ ఇరగది సూడు."

"తవుడు కావాలన్నానా లేదా?" అన్నాను. నా గొంతు మిల్లు చప్పుడులో కూడా వినిపించింది.

వాడు తెల్లబోయాడు. "అన్నవ్. ఆడబిడ్డలు గట్లనే అంటరు కదా."

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇళ్లల్లో ఆడబిడ్డ పుట్టింటి మిల్లుకొచ్చి బియ్యం కావాలని నోరు తెరిచి అడగదు. అడగడం నామర్దా. నూకలుంటే ఇవ్వండి, తవుడుంటే ఇవ్వండి అని మాట కలుపుతుంది. అన్నదమ్ములు నవ్వుకుని, మంచి బియ్యం బస్తా బండిలో వేయిస్తారు. మా మేనత్తలు అలాగే తీసుకుపోయేవాళ్లు. నేను నలభై ఏళ్లు ప్రోటీన్ల మర్యాదలు చదివి మా ఇంటి మర్యాద మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు. నన్ను ఎంతో గౌరవంగా చూసుకున్నాడు. నా పని ఖతం చేసింది ఆ గౌరవమే.

తిట్టాను. చాలా తిట్టాను. గుమాస్తా పక్కకు జరిగిపోయాడు. నాగేందర్ మాత్రం, "ఇంకో బస్తా తెప్పిస్తనక్కా, ఏ వడ్లంటే ఆ వడ్లు, పరేషాన్ గాకు" అంటూనే ఉన్నాడు. ఏ వడ్లంటే ఆ వడ్లు కాదని వాడికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

మిల్లు బయటికి వచ్చి సైదమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "అయ్యో, ఉడకబెట్టిన్రా" అని మాత్రం అందామె.

అప్పుడు విత్తనాలు అడిగాను. ఆమె ఇవ్వనని ముందే చెప్పిన ఆ కుండను అడిగాను. సిగ్గుపడకుండా అడిగాను.

"అవి ఇస్తే ఇగ నాకేడియి?" అంది. మళ్లీ తనే, "నీకు ఒక్కసారే అంటివి కదా. రా మరి. ఇస్త" అంది.

పెట్టె తీసుకుని నేరేడుచర్ల ఆటోలో కూర్చున్నాను. ఆటో నిండలేదు. డ్రైవరు ఇంకో ఇద్దరు రావాలని కేకలు వేస్తున్నాడు. కూర్చున్నంత సేపూ ఆలోచనలే. ఆ కుండ మరలో పోస్తే నాకు స్ఫటికాలు కట్టొచ్చు. కట్టకపోవచ్చు కూడా, మా పనిలో కట్టకపోవడమే ఎక్కువ. కట్టినా ఒక పేపరు వస్తుంది, ప్రపంచంలో కొద్దిమంది చదువుతారు. గుట్టకింది సన్నాలు మాత్రం భూమ్మీద ఉండవు. ఎప్పటికైనా ఇంకెవరైనా చూడాలనుకుంటే వాళ్లకు గింజ కూడా దొరకదు.

దిగిపోయాను. నన్ను త్యాగమూర్తిని చేయకండి. ఆటో వెంటనే కదిలి ఉంటే పోయేదాన్నే. ఇంకెవరో చూస్తారనే నమ్మకం కూడా నాకు లేదు. నా గదికి కొలతలు తీసినవాళ్లు తవుడు కోసం నేరేడుచర్ల పోరు. ఎవరూ చేయరని తెలిసే ఆ కుండను వదిలేశాను.

ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. సైదమ్మ కారణం అడగలేదు. ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం నాకు వినిపించింది.

మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. మంజుల ఆ బియ్యమే వండింది. తిననని లేవబోయాను గానీ, నాగేందర్ మొహం చూసి కూర్చున్నాను. ఒక్క నూక లేదు, ఒక్క మెతుకు అంటుకోలేదు. చాలా రుచిగా ఉంది. ఆ రుచికి నాకు ఏడుపొచ్చింది, కారం ఎక్కువైందని చెప్పాను. పోయేటప్పుడు మిగిలిన బియ్యం బస్తా నాకు తెలియకుండానే కారు డిక్కీలో పెట్టించి, హైదరాబాదు దాకా కారు పంపాడు.

తిరిగొచ్చాక

జూన్‌లో నా ఎక్స్ రే వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. నెలాఖరున శాలువా కప్పారు, ఈసారి ఏసీ హాల్లో కాబట్టి భరించగలిగాను. డైరెక్టరు తన ప్రసంగంలో నా పరిశోధన 'రైతులకు ఎంతో ఉపయోగపడింది' అన్నాడు. ఏ రైతుకో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కోల్డ్ రూమ్ ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను.

వానలు పడ్డాక సైదమ్మ ఫోన్ చేసింది. వెనక ట్రాక్టరు చప్పుడు.

"నారు పోసిన మేడమ్. మంచిగ మొలిసింది. కోతలైనంక ఒక బస్తా నీ పేరు మీద పెడుత. ఈసారి ఏ తమ్ముని కాడికీ తీస్కపోకు. సీదా నా కాడికి రా, ఈడనే పచ్చివి దంపిస్త. తౌడు నీకు, బియ్యం నాకు."

వస్తానన్నాను. ఆమె సంతోషంగా ఫోన్ పెట్టేసింది.

దసరా తర్వాత పోతాను, మాటిచ్చాను కాబట్టి. ఆమె ఎదురుగా నిలబడి దంపిస్తుంది. తాజా తవుడు నా చేతిలో పోస్తుంది. అది తీసుకుపోవడానికి నాకు చోటు లేదని అప్పుడైనా చెప్పాలి. చెప్తే, పోనీ తియ్ అని దాన్ని బర్రెకు పోస్తుంది. బర్రె తింటుంది.